స్పానిష్ తరగతిలో మన పెద్దలు

దీపావళి నాటి సాయంత్రం కరీంనగర్‌లో కార్ఖానగడ్డ శ్మశానవాటిక దీపాలతో వెలిగిపోతుంది. అక్కడి కొన్ని దళిత కుటుంబాలు ఆ పండుగను తమ పెద్దల సమాధుల దగ్గరే చేసుకుంటాయి. కొన్ని రోజుల ముందే వచ్చి పిచ్చిమొక్కలు పీకి, చుట్టూ శుభ్రం చేసి, సమాధులకు సున్నమో రంగో వేసి వెళ్తారు. పండుగ రోజు ఇంటిల్లిపాదీ కదిలి వస్తారు. పూలదండలు వేస్తారు, దీపాలు పెడతారు. పోయిన మనిషికి బతికున్నప్పుడు ఏది ఇష్టమో దాన్నే వండి తెచ్చి సమాధి ముందు పెడతారు. పక్కనే పిల్లలు టపాకాయలు కాలుస్తుంటారు. ఇది దశాబ్దాలుగా సాగుతున్న ఆచారం. ఏటా దీపావళి మర్నాడు పత్రికల్లో ఈ ఫొటోలు వస్తుంటాయి. శ్మశానంలో పండుగేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. ఏడాదంతా లేని మనిషిని పండుగ పూట పలకరించకుండా ఎలా ఉంటామని ఆ కుటుంబాలు అనుకుంటాయి. నాకైతే వాళ్లదే సహజంగా తోస్తుంది.

ఇంచుమించు ఆ రోజుల్లోనే, నవంబరు 1, 2 తేదీల్లో, భూగోళానికి అటువైపున్న మెక్సికోలో లక్షల కుటుంబాలు ఇదే పని చేస్తాయి. దాన్ని వాళ్లు దియా దె ముఎర్తోస్ అంటారు, చనిపోయినవారి రోజు. మొదటి రోజు పసితనంలో పోయిన పిల్లలకు, రెండో రోజు పెద్దలకు. స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఆ నేల మీద ఉన్న పితృ పూజలు, పదో శతాబ్దం చివరలో ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠంలో మొదలై క్యాథలిక్కులంతా పాటించే సకల ఆత్మల దినం, ఈ రెండూ కలిసి ఇప్పటి రూపం వచ్చింది. 2008లో యునెస్కో దీన్ని మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. 2017లో వచ్చిన ‘కోకో’ అనే బొమ్మల సినిమా పుణ్యమా అని మన పిల్లలకూ ఈ పండుగ తెలిసింది.

ఈ రోజు నేను ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం మన ఉప్పల్, నాచారం ప్రాంతమే. ఇక్కడికి నాలుగడుగుల దూరంలో, తార్నాకలో ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. 1958లో ఇంగ్లిష్ బోధన కోసం మొదలైన ఆ సంస్థ 1972లో విదేశీ భాషలను కూడా పేరులో చేర్చుకుంది, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. అక్కడ స్పానిష్ ఒక ముఖ్యమైన భాష. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఉన్నత పాఠశాల స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషల్లో స్పానిష్‌ను పేరు పెట్టి చెప్పింది. సీబీఎస్ఈ ఇచ్చే భాషల్లో అది ఉంది, అంతర్జాతీయ సిలబస్‌లున్న బడుల్లో అది మామూలే. ఇరవై దేశాల్లో అధికార భాష, పైగా ఉద్యోగాలకు పనికొస్తుందన్న ఆశ. తల్లిదండ్రులు అందుకే చేర్పిస్తారు, అందులో తప్పేమీ లేదు.

స్పానిష్ నేర్పే చోట నవంబరు నెల వచ్చిందంటే చాలా దేశాల్లో ఒక అలవాటు ఉంది. తరగతి గదిలో ఒక మూల ఓఫ్రెందా పెడతారు. అంటే పోయినవాళ్ల కోసం పరిచే బల్ల. మెట్లుమెట్లుగా పెట్టెలు పేర్చి, పైన గుడ్డ పరిచి, వాళ్ల ఫొటోలు నిలబెడతారు. అంత దూరం నడిచివచ్చిన ప్రాణానికి దాహం తీరాలని గ్లాసుతో నీళ్లు, ఒక చిన్న గిన్నెలో ఉప్పు, కొవ్వొత్తులు, కోపాల్ అనే చెట్టుబంక పొగ, పాన్ దె ముఎర్తో అనే తియ్యటి రొట్టె, ఆ మనిషి ఇష్టంగా తిన్న వంటకం పెడతారు. పైన పాపెల్ పికాదో, అంటే పలుచటి రంగు కాగితాలను ఉలితో చెక్కి, జల్లెడలా చేసి తోరణం కట్టినవి వేలాడతాయి. గాలికి అవి కదిలితే వచ్చినవాళ్లు వచ్చారని నమ్మకం. ఇళ్లలోనైతే వీధి గుమ్మం నుంచి బల్ల దాకా బంతిపూల రేకులు దారిలా చల్లుతారు. ఆ రంగు, ఆ వాసన పట్టుకుని పోయినవాళ్లు ఇల్లు వెతుక్కుంటూ వస్తారట.

ఆ బంతిపూల దగ్గర కాస్త ఆగుదాం. మనం ముద్దబంతి అని పిలుచుకునే పువ్వు పుట్టిల్లు మెక్సికో. పదహారో శతాబ్దం తర్వాత పోర్చుగీసు ఓడల వెంట మన దేశానికి వచ్చింది. వచ్చి, ఇక్కడి దేవుళ్లకూ గుమ్మాలకూ శవాలకూ కూడా తప్పనిసరి అయింది. బతుకమ్మలో తంగేడు, గునుగు మన అడవి బిడ్డలు. వాటి పక్కన వరుసలో నిలబడే బంతి ఏడు సముద్రాలు దాటి వచ్చిన పడుచు. మిరపకాయ, మొక్కజొన్న అక్కడివే. ఈ కాలంలో ఉప్పల్ కూడలిలో గంపల్లో కనిపించే సీతాఫలం కూడా అమెరికా ఖండం పండే. కాబట్టి మెక్సికో అమ్మమ్మ బల్ల మీదా, మన అమ్మమ్మ విస్తరిలోనూ కనిపించే సరుకుల్లో కొన్ని ఒకే నేల నుంచి వచ్చినవి. ఈ ఒక్క సంగతి పిల్లలకు చెప్పి చూడండి. పరాయి పండుగ అనుకున్నది ఒక్కసారిగా దగ్గరవుతుంది.

ఇక క్యాలెండరు చూడండి. తెలంగాణలో భాద్రపద అమావాస్యను పెత్తరమాస అంటాం. ఆ రోజు పొద్దున పెద్దల పేరు తలుచుకుని బియ్యం ఇస్తాం. బియ్యం, పప్పు, కూరగాయలు, గుమ్మడికాయ ఎవరి శక్తికొద్దీ వాళ్లు ఇస్తారు. ఇంట్లో ఆ పోయిన మనిషికి ఇష్టమైనవి వండుతారు. అదే రోజు సాయంత్రం ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. పొద్దున పోయినవాళ్లకు బువ్వ, సాయంత్రం బతుకుకు పూలు. ఈ రెండూ ఒకే రోజు ఎందుకొచ్చాయో శాస్త్రకారులు ఏమైనా చెప్పనివ్వండి, చేసేవాళ్లకు అందులో అతకనిదేమీ కనిపించలేదు. ఆ తర్వాత కొన్ని వారాలకు దీపావళి. నవంబరు 2న సమాధుల పండుగ. హైదరాబాదు, సికింద్రాబాదుల్లో క్రైస్తవ శ్మశానాల ముందు ఆ రోజు పూలు, కొవ్వొత్తులు అమ్మేవాళ్లు బారులు తీరతారు. షబేబరాత్ రాత్రి ముస్లిం కుటుంబాలు ఖబరస్తాన్లకు వెళ్లి ప్రార్థించి వస్తాయి. కోస్తా నుంచి వచ్చి ఉప్పల్, హబ్సిగూడ, నాచారంలో స్థిరపడిన ఇళ్లలో సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, దండం పెట్టుకుని, ఆ తర్వాతే తాము కట్టుకునే ఆచారం ఇప్పటికీ ఉంది.

ఇంకా వెనక్కి వెళ్దాం. మన పొరుగునే ఉన్న మౌలాలి గుట్టల ప్రాంతంలో ఇనుపయుగం నాటి సమాధులు బయటపడ్డాయి. పెద్దపెద్ద బండలు పేర్చి కట్టే ఆ కాలపు సమాధుల్లో మనిషితో పాటు కుండలు, ఇనుప పనిముట్లు పెట్టేవారు. పల్లెల్లో వాటిని రాకాసి గూళ్లు అని పిలిచారు. రెండువేల ఏళ్లకు పైగా కిందట ఈ రాళ్ల మధ్య ఎవరో ఒకరు తమ మనిషికి దారిలో ఆకలవుతుందని కుండ పెట్టి పంపించారన్నమాట. నాచారంలో ఫ్లాటు కొనుక్కుని మనం కొత్తగా వచ్చామనుకుంటాం. మన అపార్టుమెంటు కింది నేల మాత్రం ఆ కుండలను ఎరుగును.

ఇన్ని ఉండగా, మన తరగతుల్లో నవంబరు 2న ఎక్కువగా ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. ఆ పండుగ పేరుతో ఇంటర్నెట్‌లో దొరికిన పుర్రె బొమ్మ ప్రింటు తీసి పిల్లలకు పంచుతారు. రంగులు వేయిస్తారు. మొహాలకు పుర్రె ముగ్గులేసి ఫొటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకు పంపుతారు. నలభై నిమిషాల్లో అయిపోతుంది. ఆ పుర్రె ఎవరిదో పిల్లలకు తెలియదు. ఎవరి కోసం ఆ రంగులేశారో తెలియదు. ఓఫ్రెందా అన్నది ఎవరో ఒకరి కోసం పెట్టేది. పేరు లేని ఓఫ్రెందా ఉత్త అలంకారం. ఇది టీచర్ల తప్పని నేను అనను. సిలబస్ వెంటపడుతున్నప్పుడు అంతకన్నా సమయం దొరకదు. అయినా, ఉన్న నలభై నిమిషాల్లోనే ఆ పిల్లవాడి సొంత మనిషికి చోటు దొరికేలా చేయవచ్చునని నా గట్టి నమ్మకం.

ఆ పుర్రె బొమ్మకు కూడా ఒక మనిషి ఉన్నాడు. హోసె గ్వాదలూపె పొసాదా అని, 1852లో పుట్టి 1913లో చనిపోయిన మెక్సికో చిత్రకారుడు. వీధుల్లో కాసు, అరకాసుకు అమ్మే అచ్చు కాగితాల కోసం లోహపు రేకుల మీద బొమ్మలు చెక్కేవాడు. నవాబులూ కూలీలూ, పెళ్లికూతుళ్లూ పోలీసులూ, అందరినీ అస్థిపంజరాలుగా గీశాడు. తన మూలాలు మరిచి యూరపు ఫ్యాషన్ల వెంట పడ్డవాళ్ల మీద విసురుగా పెద్ద ఈకల టోపీ పెట్టుకున్న ఒక పుర్రెను చెక్కాడు. దాన్నే ఇప్పుడు లోకమంతా కత్రీనా అంటోంది. ఆయన పేదవాడిగా పోయాడు. బొమ్మ మిగిలింది. 1947లో దియేగో రివేరా మెక్సికో నగరంలో ఒక హోటలు గోడ మీద పెద్ద కుడ్యచిత్రం పూర్తి చేశాడు, అలమేదా పార్కులో ఆదివారం మధ్యాహ్నపు కల అని. మెక్సికో చరిత్రలో పోయినవాళ్లూ ఉన్నవాళ్లూ ఆ పార్కులో కలిసి షికారు చేస్తుంటారు. సరిగ్గా నడిమధ్య కత్రీనా నిలువెత్తున నిలబడి ఉంటుంది. ఒక వైపు ఆమె చేయి పట్టుకున్నది పొసాదా. ఇంకో వైపు ఆమె వేలు పట్టుకున్న పిల్లవాడు రివేరానే, చిన్నప్పటి తాను. గురువుగా తలచుకున్న మనిషిని ఆయన పోయిన మూడు దశాబ్దాల తర్వాత గోడ మీద తన పక్కకు తెచ్చుకున్నాడు. పోయినవారిని కళతో గౌరవించడం అంటే ఏమిటో ఇంతకన్నా గొప్పగా చూపించిన గోడ నాకు తెలియదు. పుర్రెకు రంగులేసే ముందు పిల్లలకు ఈ గోడ బొమ్మను ఒక్క ఐదు నిమిషాలు చూపించండి.

పోయినవారిని కళతో తలచుకోవడం మన సాహిత్యానికి తెలియనిదేం కాదు. ‘మహాప్రస్థానం’ పుస్తకాన్ని శ్రీశ్రీ చిన్న వయసులోనే పోయిన తన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితమిచ్చారు. విశ్వనాథ సత్యనారాయణ భార్యను పోగొట్టుకుని ‘వరలక్ష్మీ త్రిశతి’ రాశారు. నాయని సుబ్బారావు తల్లి కోసం ‘మాతృగీతాలు’ రాశారు. స్పానిష్ సాహిత్యంలో హోర్హె మన్రీకె అనే సైనికుడు 1476లో తండ్రి పోతే రాసిన పద్యాలు ఈనాటికీ ఆ భాష నేర్చుకునేవాళ్లు చదువుతారు. కవి లోర్కా తన స్నేహితుడైన ఎద్దుల పోరు వీరుడి కోసం 1935లో ఒక దీర్ఘ విలాప కావ్యం ప్రచురించాడు. మెక్సికో కవి ఓక్తావియో పాస్ తన దేశస్థులు మృత్యువుతో ఎలా మెలుగుతారో 1950లోనే ఒక పుస్తకంలో అధ్యాయంగా రాశారు. ఆ తర్వాత 1962 నుంచి 1968 దాకా ఢిల్లీలో మెక్సికో రాయబారిగా మన మధ్యే ఉన్నారు.

స్పానిష్ టీచర్లకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ భాషలో గడిచిన కాలాన్ని చెప్పే తీరు రెండు రకాలు. ఒకసారి జరిగి ముగిసిపోయిన పనికి ఒక క్రియారూపం, అలవాటుగా జరుగుతూ వచ్చిన పనికి ఇంకో క్రియారూపం. ఇంగ్లిష్ మీదుగా ఈ తేడా చెప్పబోతే పిల్లలు తికమకపడతారు. తెలుగు పిల్లలకు ఇది పాలతోనే వచ్చిన విద్య. నాయనమ్మ పాట పాడింది, నాయనమ్మ పాట పాడేది. ఈ రెంటికీ తేడా ఐదో తరగతి పిల్లకు కూడా చెప్పనక్కర్లేదు. తమ ఇంట్లో పోయిన మనిషి గురించి ఐదు వాక్యాలు ముందు తెలుగులో రాయించండి. ఏం వండేది, ఎలా నవ్వేది, ఎవరిని తిట్టేది, ఎక్కడ కూర్చునేది. తర్వాత స్పానిష్‌లోకి తేనివ్వండి. వ్యాకరణ పాఠం పూర్తవుతుంది. ఆ మనిషి కూడా తరగతిలోకి వస్తుంది.

ఇది చెబుతుంటే కొందరు తల్లిదండ్రుల మొహాలు నాకు కనిపిస్తున్నాయి. బడిలో చావు మాటలేమిటి, అశుభం కదా అని. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన ఇళ్లలో పిల్లలను శవయాత్రకు దూరంగా ఉంచుతాం. మైల, అంటు, దినాలు అన్నిటికీ నియమాలున్నాయి. వాటి వెనక పసివాళ్లను కాపాడుకోవాలన్న ప్రేమ ఉంది. మాటకూ ఫొటోకూ పాటకూ మాత్రం మనం ఎన్నడూ అంటు పెట్టలేదు. దండ వేసిన ఫొటో లేని హాలు మనలో ఎన్ని ఇళ్లలో ఉంది? ఇంటి పేరంటాలికి దీపం పెట్టే ఇళ్లు ఎన్ని లేవు?

నా లెక్కలో అసలు అశుభం వేరే ఉంది. కొవిడ్ ఉధృతంగా ఉన్న 2021 ఏప్రిల్, మే నెలలు తలుచుకోండి. ఈ ఉప్పల్, నాచారం, మల్లాపూర్, రామంతాపూర్ కాలనీల్లో ఎన్ని ఇళ్ల నుంచి తాతలు, నాయనమ్మలు అంబులెన్సులో వెళ్లి తిరిగి రాలేదు. చివరి చూపు దక్కలేదు. నలుగురు మోయలేదు. దినాలు సరిగా చేయలేదు. అప్పటికి ఐదేళ్లూ ఆరేళ్లూ ఉన్న పిల్లలు ఇప్పుడు పై తరగతుల్లో ఉన్నారు. ఆ రోజుల్లో వాళ్లకు ఎవరూ ఏమీ వివరించలేదు. తాత ఊరెళ్లాడన్నారు. ఆ పిల్లలు ఆ ప్రశ్నను గొంతులో పెట్టుకునే ఇంత ఎత్తయ్యారు. ఒక పిల్లవాడు అట్టముక్క మీద తాత కళ్లజోడు గీసి రంగు వేస్తూ, ‘వీడ్కోలు చెప్పలేదు టీచర్’ అని ఒక్క మాట అనగలిగితే, ఆ గంట వృథా అయినట్టా? కాగితం, జిగురు, రంగులతో చేతులు పనిలో ఉన్నప్పుడు పెదవులు తెరుచుకుంటాయి. అందుకే ఈ పని బొమ్మలతో జరగాలంటాను.

బలవంతం మాత్రం ఉండకూడదు. ఇంట్లో ఈ మధ్యే చావు జరిగిన పిల్లలుంటారు, వాళ్లను ముందే పక్కకు పిలిచి అడగాలి. తన మనిషి గురించి చెప్పడం ఇష్టం లేకపోతే పెంచుకున్న కుక్కనో, అభిమాన రచయితనో, చదువు చెప్పిన పంతులమ్మనో ఎంచుకోనివ్వాలి. బల్ల జ్ఞాపకం కోసమే తప్ప పూజ కోసం కాదని మొదటి రోజే స్పష్టంగా చెప్పాలి. అప్పుడు ఏ మతం ఇంటికీ ఇబ్బంది ఉండదు. కొన్ని ఇళ్లలో ఫొటో పెట్టడం ఒప్పుకోరు. అలాంటప్పుడు ఒక వస్తువు పెట్టవచ్చు, తస్బీ జపమాల కావచ్చు, వక్కల పెట్టె కావచ్చు, చేతిరాతలో ఉన్న ఒక వంట చీటీ కావచ్చు. పుర్రె తప్పనిసరి కాదు. స్పానిష్ మాట్లాడే దేశాలన్నిటా పుర్రె ఉండదు కూడా. గ్వాతెమాలాలో సుంపాంగో, సాంతియాగో సకాతెపెకెస్ ఊళ్లలో నవంబరు 1న శ్మశానాల పక్కన ఇంటికన్నా ఎత్తైన గాలిపటాలు నిలబెడతారు. పలుచటి రంగు కాగితాలను నెలల తరబడి అతికించి చేసిన కళాఖండాలవి. ఎక్వదోర్‌లో ఊదా రంగు పండ్ల జావ కాచి, పసిపాప ఆకారంలో రొట్టెలు చేస్తారు. స్పెయిన్‌లో సమాధుల మీద చామంతులు పెడతారు. సంక్రాంతికి ఆకాశమంతా పతంగులు కమ్ముకునే హైదరాబాద్ పిల్లలకు గ్వాతెమాలా గాలిపటం ఎంత తేలిగ్గా అర్థమవుతుందో చెప్పనక్కర్లేదు. ఆ పతంగి మీద తాత పేరు రాసి ఎగరేయమంటే ఎవరు కాదంటారు?

మన కళలు కూడా ఆ బల్ల దగ్గరికి రావాలి. బోనాలకు అమ్మవారికి సమర్పించే తొట్టెల చూసే ఉంటారు. సన్నటి వెదురు బద్దలకు రంగు కాగితాలు అంటించి, అంచులు కత్తిరించి, గోపురంలా కడతారు. ఉప్పల్‌లోనూ నాచారంలోనూ ఆషాఢమాసంలో వీధివీధికీ కనిపిస్తుంది. పాపెల్ పికాదో చెక్కే మెక్సికో కళాకారుడికీ మన తొట్టెల కట్టే మనిషికీ మధ్య ఉన్నది దూరమే, తేడా కాదు. అలాంటి ఒక మనిషిని ఒక పూట బడికి పిలవండి, తగిన పారితోషికం ఇచ్చి. మెక్సికోలోని వహాకాలో ఇసుకతోనూ రంగు పొట్టుతోనూ నేల మీద బొమ్మలు పరుస్తారు. మన ఇంట్లో అమ్మ వేసే ముగ్గు దానికి తోబుట్టువు. చేర్యాల నకాషీ కళాకారులు ఎర్రటి నేపథ్యం మీద గడులుగడులుగా కథ గీస్తారు. ఆ పటం చుట్ట విప్పుతూ కథ చెప్పేవాళ్లు కులాల పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవారు. ఒక పొడుగాటి కాగితం మీద తాతమ్మ జీవితాన్ని ఆరు గడుల్లో గీయమనండి. పుట్టిన ఊరు, పెళ్లి, పట్నం రావడం, మొదటి ఇల్లు, పిల్లలు, ఆఖరి రోజులు. చుట్ట విప్పుతూ స్పానిష్‌లో ఒక్కో గడికి ఒక్కో వాక్యం చెప్పమనండి.

పట్నం రావడం అన్నాను కదా. ఆ ఒక్క గడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది. ఉప్పల్ కలాన్, నాచారం ఒకప్పుడు పొలాలూ చెరువులూ ఉన్న పల్లెలు. ఈ తూర్పు హైదరాబాదును ఇప్పటి రూపానికి తెచ్చింది ఇప్పుడు మనల్ని ఒక్కొక్కరుగా విడిచి వెళ్తున్న తరమే. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టులు చేసినవాళ్లు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేతులు నల్లబడ్డవాళ్లు, 1967లో మొదలైన ఈసీఐఎల్‌లో తొలి ఉద్యోగాలు చేసినవాళ్లు, హబ్సిగూడ దారిలోని జాతీయ పరిశోధన సంస్థల్లో శాస్త్రవేత్తలుగానో తోటమాలులుగానో జీవితమంతా గడిపినవాళ్లు. ఎన్టీ రామారావు నాచారంలో స్టూడియో కట్టినప్పుడు అక్కడ సెట్టింగులు వేసిన వడ్రంగులు, మేకప్ పెట్టెలు మోసినవాళ్లు. వరంగల్ వైపు నుంచి బస్సు దిగి ఉప్పల్లోనే ఆగిపోయినవాళ్లు. మెట్రో పిల్లర్లు లేని ఉప్పల్ రోడ్డు వాళ్లకే గుర్తు. వాళ్ల టిఫిన్ డబ్బాలు, గుర్తింపు కార్డులు, చేతి గడియారాలు, కుట్టుమిషను కత్తెరలు మన అటకల మీద, బీరువాల అడుగున ఉన్నాయి. ఇల్లు మారినప్పుడల్లా కొన్ని పాత సామాను బండికి వెళ్లిపోతున్నాయి.

ఒక తరగతిలో ముప్పై మంది పిల్లలు ముప్పై వస్తువులు తెచ్చి ఒక బల్ల మీద పెట్టి, ఒక్కో దాని పక్కన స్పానిష్‌లో, తెలుగులో, ఉర్దూలో, ఎవరి ఇంటి భాషలో వాళ్లు రెండు వాక్యాలు రాస్తే, ఆ బల్ల ఈ ప్రాంతపు చరిత్ర అవుతుంది. ఇప్పటికి ఉప్పల్, నాచారం చరిత్రను ఇంత దగ్గరగా చెప్పే మ్యూజియం నాకు తెలిసి ఇంకొకటి లేదు. పరాయి భాష తరగతి వల్ల మన వీధి చరిత్ర మనకు దొరకడం చిన్న లాభం కాదు. విదేశీ భాష నేర్చుకోవడానికి ఉద్యోగం ఒక కారణమైతే, నా మనసుకు ఇది అంతకన్నా పెద్ద కారణం.

ఒక జాగ్రత్త. ఆ బల్లను మార్కుల్లో కలపకండి. ఎవరి నాయనమ్మ బాగుందో పోటీ పెట్టకండి. వస్తువులను ఆ సాయంత్రమే భద్రంగా తిరిగి పంపించండి, అవి ఆ ఇళ్లకు బంగారం. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి. పక్కన కూర్చుని మంచినీళ్లు ఇవ్వండి. తరగతి అయిపోయిందని గంట కొట్టగానే అన్నీ ఎత్తేయకుండా రెండు రోజులు ఉంచండి. వేరే తరగతుల వాళ్లు, ఆయాలు, వాచ్‌మన్, బస్సు డ్రైవరు కూడా వచ్చి చూడనివ్వండి. వాళ్లకూ పోయినవాళ్లున్నారు. కావాలంటే వాళ్ల మనిషి పేరు కూడా ఒక చీటీ మీద రాసి పెట్టుకోనివ్వండి.

వింటున్న తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. ఈ ఏడాది పెత్తరమాసకు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరి పేరున బియ్యం ఇస్తున్నారో ఆ పేర్లు పూర్తిగా చెప్పండి. తాత పేరు, ముత్తాత పేరు, అమ్మ వైపు పెద్దల పేర్లు, వాళ్ల ఊరు, వాళ్లు చేసిన పని. మీకే గుర్తులేకపోతే ఊళ్లో ఉన్న మేనత్తకో పెదనాన్నకో ఫోను చేసి అడగండి, వాళ్లున్నప్పుడే. రాసి పెట్టుకోండి. నవంబరులో టీచరు ఎవరి కోసం ఈ బల్ల అని అడిగినప్పుడు మీ పిల్లకు చెప్పడానికి ఒక పేరు ఉండాలి.